చాట్‌ఆప్స్ బాట్ కొంటున్నారా? ముందు ఈ 3 సెకన్ల సంగతి తేల్చుకోండి

చాట్‌ఆప్స్ అంటే సర్వర్ల పనులను చాట్‌లోంచే బాట్‌తో చేయించడం. ఆఫీసు చాట్ యాప్ స్లాక్‌లో, ఒక ఛానెల్‌లో బాట్‌ను మెన్షన్ చేసి (@ పెట్టి పేరు రాసి) రీస్టార్ట్ అని ఒక్కసారి కొడితే పేమెంట్స్ సర్వీస్ నాలుగుసార్లు రీస్టార్ట్ అయింది. ఏడాది లైసెన్స్ డబ్బు ముందే కట్టించుకున్న బాట్ ఇది. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇదే లోపం వేరే బాట్‌లలోనూ ఉండొచ్చు, కాబట్టి పట్టుకునే పద్ధతి తెలిస్తే చాలు.

మెన్షన్ చేయగానే స్లాక్ ఆ ఈవెంట్‌ను బాట్ సర్వర్‌కు పంపుతుంది. 3 సెకన్లలోపు 200 జవాబు (అందిందని చెప్పే HTTP కోడ్) రాకపోతే అందలేదనుకుని ఇంకో మూడుసార్లు పంపుతుంది: దాదాపు వెంటనే ఒకసారి, నిమిషం తర్వాత ఒకసారి, 5 నిమిషాల తర్వాత ఒకసారి. ఈ బాట్ రీస్టార్ట్ పూర్తయ్యాకే జవాబిస్తోంది. దాంతో వచ్చిన ప్రతి కాపీనీ కొత్త ఆర్డర్‌గా తీసుకుంది. అన్నిటికన్నా ప్రమాదం ఆ చివరిది: సర్వీస్ కోలుకుందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక వచ్చి పడుతుంది. సరిగ్గా రాసిన బాట్ ముందు 200 ఇచ్చేసి, పనిని క్యూలో వేసి, ఈవెంట్ ఐడీని దాచుకుంటుంది. అదే ఐడీ మళ్లీ వస్తే వదిలేస్తుంది.

డెమోలో ఇది బయటపడదు. అక్కడ చూపించేది అర సెకనులో అయిపోయే స్టేటస్ కమాండ్. మీరే స్టేజింగ్‌లో (పరీక్షల కోసం విడిగా పెట్టుకున్న సర్వర్లలో) 60 సెకన్లు ఆగే స్క్రిప్ట్ ఒకటి పెట్టి, మెన్షన్‌తో నడిపించి, 7 నిమిషాలు లాగ్ చూడండి. ఒక్క ఎంట్రీయే ఉండాలి. స్లాష్ కమాండ్‌తో (/ గుర్తుతో మొదలయ్యే ఆదేశంతో) కూడా విడిగా చూడండి. దాన్ని స్లాక్ మళ్లీ పంపదు గానీ, 3 సెకన్లు దాటగానే టైమౌట్ చూపిస్తుంది. వెనక పని నడుస్తూనే ఉంటుంది, అది తెలియక మనిషే మళ్లీ కొడతాడు.

అనుమతుల దగ్గర కూడా గట్టిగా అడగండి. ఛానెల్‌లో ఉన్న ప్రతివాళ్లూ డిప్లాయ్ చేయగలిగితే (కొత్త కోడ్‌ను సర్వర్లలోకి ఎక్కించగలిగితే) ఆ బాట్ వద్దు. డిస్‌ప్లే పేరు చూసి అనుమతిచ్చేది మరీ ఘోరం, ఆ పేరు ఎవరైనా మార్చుకోవచ్చు. తనిఖీ యూజర్ ఐడీతోనే జరగాలి.

ఎవరు ఏం నడిపారన్న రికార్డు చాట్‌లోనే ఉంటే సరిపోదు. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు. 2021 జనవరి 4న లాగా స్లాకే పడిపోతే అవే పనులు టెర్మినల్ నుంచి చేయగలగాలి. ఆ స్క్రిప్టులు మీ కోడ్ రిపాజిటరీలో ఉంటాయా, అమ్మినవాళ్ల సర్వర్‌లోనా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా నెలవారీగానే కట్టండి.