హీట్ పంప్ థర్మోస్టాట్: కొన్ని చలికాలాలు వాడాక

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ ఫర్నేస్ ఉండదు, హీట్ పంపే. ఎండాకాలం ఏసీ, చలికాలం హీటర్, రెండూ అదే. దాన్ని నడిపించే గోడ మీటలాంటి పాత థర్మోస్టాట్ తీయించి, వైఫై ఉన్న టచ్ స్క్రీన్‌ది పెట్టించుకుని కొన్ని చలికాలాలు గడిచాయి. ఫోన్లోంచి మార్చుకోవడం, వాతావరణం చూపించడం మొదటి నెల ముచ్చట. కరెంటు బిల్లును తేల్చేది మాత్రం స్క్రీన్ మీద ఓ మూల వెలిగే 'ఆక్స్' అన్న చిన్న మాట.

హీట్ పంప్ వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్నదాన్నే లాగి లోపలికి తెస్తుంది. అందుకే మామూలు చలిలో ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. అది చాలదనిపిస్తే థర్మోస్టాట్ ఎయిర్ హ్యాండ్లర్‌లోని (ఇంట్లోకి గాలి తోసే డబ్బా) కాయిల్ హీటర్‌ని కూడా వేస్తుంది. అదే ఆక్స్, అంటే ఆగ్జిలరీ, అదనపు హీటు. మా ఇంట్లోది 10 కిలోవాట్లు. అందులో యూనిట్‌కి యూనిటే, పైసా లాభం లేదు. రాత్రి 62 ఫారెన్‌హీట్‌కి దించి పొద్దున 69కి ఎక్కించే షెడ్యూల్ గ్యాస్ ఇళ్లలో బాగానే నడుస్తుంది. ఇక్కడ అంత తేడా ఒక్కసారి కనబడగానే ఆక్స్ రంగంలోకి దిగుతుంది, రాత్రంతా మిగిల్చింది కాస్తా పొద్దున్నే పోతుంది. మేం పగలు 68, రాత్రి 66, అంతే.

ఇన్‌స్టాలర్ మెనూలో 'ఆక్స్ లాకౌట్' అని ఒకటుంటుంది. బయట ఇన్ని డిగ్రీలకు పైన ఉంటే ఆక్స్ రాకూడదు అని చెప్పే చోటు అది. బిగించినతను దాన్ని ఆఫ్‌లోనే వదిలేసి వెళ్లాడు. మాన్యువల్ చూసి 35 ఫారెన్‌హీట్ పెట్టాను, తర్వాతి బిల్లులోనే తేడా కనిపించింది. బయటి ఉష్ణోగ్రతను ఇది ఇంటర్నెట్ నుంచే తీసుకుంటుంది. నా లెక్కలో వైఫైకి పెట్టిన డబ్బు గిట్టింది ఇక్కడే. ఇక 'ఎమర్జెన్సీ హీట్' బటన్ కంప్రెసర్ పాడైనప్పటికే. బాగా చలేస్తోందని దాన్ని నొక్కితే హీట్ పంప్ పూర్తిగా ఆగి, ఇల్లంతా ఆ కాయిల్ మీదే నడుస్తుంది.

జనవరిలో అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. వెంట్ కింద చెయ్యి పెట్టి "ఇదేం హీటరురా, గోరువెచ్చగా కూడా లేదు" అంది. హీట్ పంప్ గాలి సుమారు 90 నుంచి 100 డిగ్రీలే, ఒంటి వేడికి అటూ ఇటూ. ఫర్నేస్ గాలిలా చురుక్కుమనదు, నిదానంగా ఎక్కువసేపు వస్తుంది. ఇంకో రోజు పొద్దున "ఒరేయ్, బయట డబ్బాలోంచి పొగొస్తోంది" అని కేకేసింది. అది పొగ కాదు, డీఫ్రాస్ట్. బయటి కాయిల్ మీద మంచు పేరుకున్నప్పుడు యూనిట్ కాసేపు ఏసీలా తిరగబడి ఆ మంచు కరిగించుకుంటుంది. పై ఫ్యాన్ ఆగుతుంది, బుస్సుమని చప్పుడు, ఆవిరి. ఆ కొద్ది నిమిషాలూ లోపల చల్లగాలి కొట్టకుండా ఆక్స్ వస్తుంది. అది అవసరమే, టెన్షన్ పడక్కర్లేదు.

ఎండాకాలంలో అసలు సంగతి ఫ్యాన్. ఇక్కడ ఉక్క మన కోస్తాకేం తీసిపోదు. ఫ్యాన్ 'ఆన్'లో పెడితే కంప్రెసర్ ఆగాక కూడా గాలి తడిగా ఉన్న ఏసీ కాయిల్ మీదుగానే తిరిగి, తీసేసిన తేమను మళ్లీ ఇంట్లోకి తెస్తుంది. 74 చూపిస్తూనే ఒళ్లు జిడ్డుగా ఉంటుంది. అందుకని వేసవిలో 'ఆటో'నే. పై గదికీ కింది గదికీ తేడా వచ్చే చలి రోజుల్లో 'సర్క్యులేట్' పెడతాం, గంటలో కాసేపు ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంది.

నాకు నచ్చనిది ఆటో ఛేంజోవర్, అంటే హీటు, కూలింగ్ తనంతట తనే మార్చుకోవడం. ఏప్రిల్‌లో పొద్దున హీటు, మధ్యాహ్నం కూలింగ్, ఒకే రోజు రెండూ. హీటుకీ కూలింగ్‌కీ మధ్య కనీసం 3 డిగ్రీల ఎడం పెట్టనిస్తుంది, అదీ చాలదు. ఆ నెలల్లో నేను ఆఫ్ చేసి కిటికీలు తీస్తాను.

మీరే బిగించుకుంటుంటే పాత వైర్లు పీకేముందు ఫోటో తీసుకోండి. హీటు నుంచి కూలింగ్‌కి మార్చే రివర్సింగ్ వాల్వ్ వైరు కొన్ని యూనిట్లలో 'ఓ', కొన్నింట్లో 'బీ'. మెనూలో అది తారుమారైతే హీట్ నొక్కినప్పుడు ఏసీ వస్తుంది. కంప్రెసర్ ఆగాక మళ్లీ మొదలవడానికి 5 నిమిషాలు ఆగుతుంది, ఈలోపు పాడైందనుకుని బటన్లు నొక్కకండి. థర్మోస్టాట్‌కి ఎప్పుడూ కరెంటు అందించే 'సీ' వైరు లేకపోతే ఈ రకం కొనకండి.