తడి ఇసుకరాయి, ఒక గైడు: రెడ్ రాక్ కాన్యన్ క్లైంబింగ్ సేవపై సమీక్ష

లాస్ వేగాస్‌కు పడమరన మొహావీ ఎడారిలో ఉన్న రెడ్ రాక్ కాన్యన్‌లో స్పోర్ట్ క్లైంబింగ్ (రాతిలో ముందే బిగించిన బోల్టులకు తాడు తగిలించుకుంటూ ఎక్కడం) చేయాలని మేము నలుగురు మిత్రులం డాలస్ నుంచి మార్చిలో ఒక శని, ఆదివారాలకు వెళ్లాము. మిగిలిన ముగ్గురికీ జిమ్‌లోని క్లైంబింగ్ గోడలే తెలుసు. నాకు చాలా ఏళ్ల క్రితం భువనగిరి గుట్ట మీద పైనుంచి తాడు కట్టించుకుని ఎక్కిన అనుభవం ఉంది. బోల్టులకు తాడు తగిలించుకుంటూ ముందు ఎక్కే పని మాలో ఎవరికీ బయటి రాతి మీద అలవాటు లేదు కనుక, స్థానికంగా ఒక గైడు సంస్థను మాట్లాడుకున్నాము. అది చిన్న సంస్థ, నా ఫిర్యాదును వారికి నేరుగానే రాశాను కాబట్టి పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు.

ముందుగా ఆ ఫిర్యాదే చెబుతాను. కాన్యన్ లోపలి సీనిక్ డ్రైవ్‌లోకి అక్టోబరు 1 నుంచి మే 31 వరకు, ఉదయం 8 నుంచి సాయంత్రం 5 మధ్య వెళ్లే ప్రతి కారుకూ ముందే సమయం బుక్ చేసుకోవాలి. తాడు, హెల్మెట్ కొలతల దగ్గర నుంచి తినే తిండి వరకు అన్నీ అడిగిన సంస్థ ఈ ఒక్క మాటను మాకు చెప్పలేదు. శనివారం 8:20కి గేటు దగ్గర మమ్మల్ని వెనక్కి పంపేశారు. ఆ దారి 13 మైళ్ల వన్‌వే కావడంతో, అప్పటికే లోపల ఎదురుచూస్తున్న గైడు మొత్తం చుట్టి బయటకు రావలసి వచ్చింది. మేమూ చూసుకోవలసిందే, కాదనను. కానీ డబ్బు తీసుకునేవారు చెప్పవలసిన మొదటి సంగతి ఇదే.

మా గైడు మమ్మల్ని గేటుకు వెలుపల ఉన్న కాలికో బేసిన్‌కు తీసుకువెళ్లారు. గురువారం సాయంత్రం వాన పడింది, శనివారానికి ఆకాశం తేటగా ఉంది, ఎర్రరాయి చేతికి పొడిగానే తగిలింది. రెండు జట్లు అప్పటికే ఎక్కుతున్నాయి కూడా. ఆమె గోడ మొదట్లో కూర్చుని ఇసుకలోకి వేళ్లు గుచ్చారు. పైన రాలిపోతున్న ఇసుక రెండు కణుపుల లోతున తడి తగిలిన పుట్నాలపొడిలా ముద్ద కట్టి ఉంది. "ఈ రోజు ఇక్కడ ఎక్కించను" అని ఆమె చెప్పినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు కోపం వచ్చింది. భువనగిరిలో వాన వెలిసి ఎండ కాస్తే గంటల్లో రాయి సిద్ధమయ్యేది. అది గ్రానైటు, నీటిని పెద్దగా పీల్చదు; ఇది ఇసుకరాయి, నీటిని లోపలికి తీసుకుని బలం కోల్పోతుంది. పైన ఆరినట్టు కనిపించినా మనం పట్టుకున్న రాతి అంచు (పట్టు) విరిగి చేతిలోకి రావచ్చు, బోల్టు కూడా ఊడవచ్చు. అందుకే వాన తరువాత 24 నుంచి 72 గంటల వరకు ఆగడం అక్కడి ఆనవాయితీ. విరిగిన పట్టు మళ్లీ మొలవదని, తరువాత వచ్చేవారికి గోడ మీద ఎక్కే ఆ దారే మారిపోతుందని ఆమె వివరించాక నా కోపం చల్లారింది.

ఆ రోజంతా ఊరి అంచున సున్నపురాతితో నిలిచిన లోన్ మౌంటెన్‌లో గడిచింది. అక్కడి రాయి గరుకుగా, కోసుకునేలా ఉంది, అందం తక్కువే. కానీ ఎక్కే దారి పైచివర రాతికి బిగించి ఉండే యాంకర్ దగ్గర తాడు విప్పి, గొలుసులోంచి దూర్చి, మళ్లీ కట్టుకుని దిగే పద్ధతిని ఆమె నేల మీద నాలుగుసార్లు, గోడ మీద రెండుసార్లు ఒక్కొక్కరి చేత చేయించారు. మేము చెల్లించిన రుసుముకు ఆ పూటే సరిపోయిందనిపించింది.

ఆదివారం 8 కాకముందే గేటు దాటాము. ఇసుక ఎంత తవ్వినా పొడిగానే వచ్చింది. బ్లాక్ కారిడార్ అనే ఇరుకు సందులో రెండు వైపులా గోడలున్నాయి, నీడ ఎక్కువ, చలి కూడా ఎక్కువే; తొమ్మిదిన్నరకల్లా అక్కడ నిలబడే చోటు లేదు. రద్దీ వస్తుందని ముందే తెలిసిన ఆమె 5.9 స్థాయి (అమెరికా కష్టపు కొలతలో ఒక మెట్టు) దారులను మొదటే పట్టించారు, మధ్యాహ్నానికి నలుగురమూ తలా ఒకటి ముందుండి ఎక్కగలిగాము.

తడి రాయి వల్ల స్థలం మారుస్తారే తప్ప డబ్బు తిరిగి ఇవ్వరని ఒప్పందంలోనే ఉంది. సమాచార లోపానికి ఒకటి తగ్గించి ఐదుకు నాలుగు ఇస్తున్నాను. వచ్చే నవంబరుకు మళ్లీ ఆమెనే అడిగాము. ఈసారి వాన కోసం ఒక రోజు అదనంగా పెట్టుకుని, గేటు సమయాన్ని మేమే బుక్ చేసుకుంటున్నాము.