మారేడా, వెలగా: కడుపు మందుకు ఏది మేలు?

వినాయక చవితి దగ్గరపడితే నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల పాలవెల్లికి కట్టే వెలక్కాయలు అమ్మకానికి వస్తాయి. మారేడు కావాలంటే అచ్చంపేట, అమ్రాబాద్ దిక్కు నల్లమల అంచుకు పోవాలి, లేదా ఏదైనా శివాలయం వెనక చూసుకోవాలి. రెండు కాయలూ గుండ్రంగా ఉంటాయి, రాయిలాంటి పెంకు ఉంటుంది. అందుకే "ఏదైతే ఏంది, రెండూ కడుపుకు మంచివే" అనే మాట తరచుగా వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. కాయను అడ్డంగా కోసి చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

చుట్టరికం మాత్రం నిజమే. మారేడు, వెలగ, మన నల్లగొండ బత్తాయి మూడూ రూటేసి, అంటే నిమ్మ కుటుంబానివే. దేని ఆకునైనా వెలుతురుకు పట్టి చూడండి, నూనె గ్రంథులు సన్నని చుక్కలుగా కనిపిస్తాయి. వృక్షశాస్త్రం లెక్కలో మూడూ మృదుఫలాల (బెర్రీల) రకాలే. కాకపోతే బత్తాయిలో అండాశయపు లోపలి గోడ నుంచి రసం నిండిన నూగు పెరిగి తొనలను నింపుతుంది. మారేడులో, వెలగలో ఆ రసపు నూగు లేదు, పైగోడ చెక్కలా గట్టిపడింది. నిమ్మజాతిని వర్గీకరించిన వాల్టర్ స్వింగిల్ ఈ గట్టి పెంకు చెట్లను ఒక ఉపతెగగా విడదీసి, అందులోనూ మారేడును ఒక గుంపులో, వెలగను మరో గుంపులో పెట్టాడు.

ఎందుకు వేరు చేశాడో కత్తిపీట చెప్తుంది. మారేడును అడ్డంగా కోస్తే నడుమ ఇరుసు, దాని చుట్టూ వరుసగా గదులు కనిపిస్తాయి. అవి ఎనిమిది నుంచి పదిహేను దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటాయి. ఒక్కో గదిలో నూగు పట్టిన చదును గింజలు, వాటి చుట్టూ గాజులా మెరిసే జిగురు. వెలగలో ఈ ఏర్పాటే లేదు. లోపలంతా ఒకటే గది, గోధుమరంగు గుజ్జు, అందులో ఎక్కడబడితే అక్కడ చిన్న గింజలు. పెంకు కూడా వేరే: మారేడుది నున్నగా, పలుచగా ఉంటే వెలగది గరుకుగా, బూడిద తెలుపుగా, దాదాపు రెండింతల మందంగా ఉంటుంది.

ఇక మందు సంగతి. పండ్లన్నీ పండితేనే గుణం ఎక్కువ, బిల్వం (మారేడు) మాత్రం పచ్చిదే మేలు అని సుశ్రుత సంహిత చెప్తుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. పచ్చి మారేడులో వగరునిచ్చే టానిన్లు ఉంటాయి, వాటికి జిగురు, పెక్టిన్ తోడు. నీళ్ల విరేచనాలకు, జిగట విరేచనాలకు ఎండు ముక్కల కషాయం ఇచ్చేది అందుకే. అదే మారేడు పండితే తియ్యబడి, విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. విరేచనాలు పట్టుకున్న మనిషికి మారేడు పండు షర్బత్ పోయడమంటే పని తిరగేసి చేయడమే. ఎండాకాలంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొంచెం తాగొచ్చు, ఆ రుచి నాకూ ఇష్టమే.

పచ్చి వెలగ కూడా వగరే, విరేచనాన్ని కట్టే గుణం దానికీ ఉందని ఆయుర్వేదం ఒప్పుకుంటుంది. అయితే అది గొంతుకు చెరుపు అని చరకుడు హెచ్చరించాడు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అని మనం ఊరికే అనం. పండిన వెలగ పుల్లగా ఉండి నోటికి రుచి తెస్తుంది. బెల్లం కలుపుకున్నా, పచ్చడి నూరుకున్నా దానికదే సాటి. పండిందో లేదో తెలియకపోతే అడుగు ఎత్తు నుంచి నేల మీద వేయండి, పచ్చిదైతే ఎగురుతుంది.

కాబట్టి నా తీర్పు: కడుపు మందుగా ఎండబెట్టిన పచ్చి మారేడు, తిండిగా పండు వెలగ. ఒకదాని బదులు ఇంకొకటి వద్దు.

అసలు చిక్కు మూలికల దుకాణంలో వస్తుంది. ఎండు మారేడు ముక్కల్లో వెలగ ముక్కలు కలపడం ఔషధ ద్రవ్యాల శాస్త్రం ఏనాడో గుర్తించిన కల్తీ. అందుకే పొడి కొనొద్దంటాను, పొడిలో గదులు కంటికి కనిపించవు. ముక్కలు కొని, చక్రంలా గదుల వరుస, ఎండి గట్టిపడ్డ జిగురు, నూగు గింజలు ఉన్నాయా చూసుకోండి. చెట్టు నుంచే కోసుకుంటే ఇంకా సులువు: మారేడుకు మూడాకులు, వెలగకు అయిదు నుంచి ఏడు చిన్నాకులు, నలిపితే సోంపు వాసన.

మలబద్ధకం ఉన్నవాళ్లు పచ్చి మారేడు జోలికి పోవద్దు. విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఉన్నా, చంటిపిల్లలైనా కషాయం కాస్తూ కూర్చోకుండా ఓఆర్ఎస్ పట్టిస్తూ దవాఖానకు తీసుకుపోండి.