అమ్మానాన్నల ఆరోగ్య బీమా: ఆఫీసు పాలసీయా, విడి పాలసీయా?

ఆఫీసు ఇచ్చే బీమాలో చాలాచోట్ల భార్యాభర్తలు, పిల్లలే ఉంటారు. డబ్బు కట్టి తల్లిదండ్రులను చేర్చుకునే వీలుంటే, రెండు దారులు.

ఖర్చు: ఆఫీసు పాలసీలో ప్రీమియం సాధారణంగా తక్కువ. అరవై దాటినవాళ్లకు విడి పాలసీ బాగా ఖరీదు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ లేకపోవడం కొంత ఊరట.

పాత జబ్బులు: అసలు తేడా ఇక్కడే. ఆఫీసు పాలసీలో షుగర్, బీపీలకు చాలావరకు మొదటి రోజు నుంచే కవరేజీ. విడి పాలసీలో మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఉన్న జబ్బు దాస్తే క్లెయిమ్ తిరస్కరించవచ్చు, దయచేసి ఆ పని చేయొద్దు.

శ్రమ: ఆఫీసులో ఒక ఫారం చాలు. విడిగా అయితే వైద్య పరీక్షలూ ఉండొచ్చు.

రిస్క్: ఉద్యోగం పోతే ఆఫీసు బీమా కూడా పోతుంది. విడి పాలసీ ప్రీమియం కడుతున్నంత కాలం ఉంటుంది.

కొన్ని కంపెనీలు తల్లిదండ్రులో, అత్తమామలో ఒక జంటనే చేర్చుకోమంటాయి. అప్పుడు జబ్బున్నవాళ్లను ఆఫీసు పాలసీలో, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను విడి పాలసీలో పెట్టడం న్యాయం. ఉద్యోగం నిలకడగా లేనివాళ్లు మాత్రం విడి పాలసీ ఇప్పుడే మొదలుపెట్టాలి.