ఇంట్లో చేసుకున్న డాన్స్ ప్యాడ్: వాడి చూశాక

1998లో కొనామి సంస్థ జపాన్‌లో విడుదల చేసిన డాన్స్ డాన్స్ రివల్యూషన్ తరహా ఆటల (పాటకు తగ్గట్టు తెర మీద వచ్చే బాణాలను చూసి, నేల మీద పరిచిన ప్యాడ్‌లోని బాణాలను కాలితో తొక్కే ఆటలు) కోసం ఆన్‌లైన్‌లో దొరికే మెత్తటి ప్యాడ్ చవకైనదే గాని, నేను కొన్నది నున్నటి గచ్చు మీద ప్రతి పాటకూ పక్కకు జరిగిపోవడమే కాక, రెండు నెలల్లోనే దాని ఎడమ బాణం పనిచేయడం మానేసింది. అందుకే ప్లైవుడ్‌తో సొంతంగా ఒకటి తయారు చేసుకున్నాను.

ఒక్కొక్క బాణం కింద రెండు అల్యూమినియం రేకులను ఎదురెదురుగా ఉంచి, అంచుల వెంట తలుపు సందులకు అంటించే స్పాంజి పట్టీ వేస్తే, కాలు మోపగానే రేకులు తాకి సర్క్యూట్ పూర్తవుతుంది. కాలు తీయగానే విడిపోతాయి. రేకుల నుంచి వచ్చే తీగలను ఆర్డుయినో లియోనార్డో అనే, ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న సర్క్యూట్ బోర్డుకు కలిపాను. తగిన ప్రోగ్రామ్ ఎక్కిస్తే దాన్ని కంప్యూటర్ యూఎస్‌బీ కీబోర్డుగా గుర్తిస్తుంది కనుక, ఉచితంగా లభించే స్టెప్‌మేనియా అనే ఈ తరహా ఆటలో నాలుగు బాణాలూ వెంటనే పనిచేశాయి. ఆర్డుయినోలోనే మరో రకమైన యూనో ఆర్3 బోర్డుకు ఈ సౌకర్యం నేరుగా లేదు. కొనేముందు పేరు సరిచూసుకోవాలి.

వేగంగా వేసే అడుగులకు ఇది మెత్తటి ప్యాడ్ కంటే ఎంతో నమ్మకంగా స్పందిస్తోంది. అయితే దీని ప్రాణమంతా స్పాంజి మందంలోనే ఉంది: పలుచనైతే బాణం నొక్కుకుపోయి ఉండిపోతుంది, దళసరైతే మడమతో గట్టిగా తొక్కాలి. నాకు మూడోసారికి గాని కుదరలేదు. చప్పుడు మాత్రం ఎక్కువే. కింది వాటాలో ఉన్నవారితో సఖ్యత ఉంటేనే రాత్రిపూట ఆడండి.