రాహైడ్ చూడాలా, గన్‌స్మోక్ చూడాలా?

నలుపు-తెలుపు కాలపు కౌబాయ్ సీరియళ్లలో పశువుల మందల కథ కావాలంటే ఈ రెండూ ముందు గుర్తొస్తాయి. రెండూ అమెరికా టీవీ నెట్‌వర్క్ సీబీఎస్‌వే. గన్‌స్మోక్‌కు తొలి నిర్మాత అయిన చార్లెస్ మార్క్విస్ వారెనే తర్వాత రాహైడ్‌ను సృష్టించాడు.

గన్‌స్మోక్ (1955-75) కాన్సాస్‌లోని డాడ్జ్ సిటీని వదిలి పెద్దగా కదలదు. మంద తోలుకొచ్చిన కుర్రాళ్లు చేతిలో డబ్బుతో ఊళ్లో పడి గొడవ చేస్తే మార్షల్ మాట్ డిలన్ చూసుకుంటాడు.

రాహైడ్ (1959-65) మాత్రం దారి మీదే బతుకుతుంది. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో నుంచి మిస్సోరిలోని సెడేలియా దాకా మందను చేర్చాలి. నీళ్లు దొరక్కపోయినా, రాత్రిపూట పశువులు బెదిరి పరుగెత్తినా తుపాకీ ఏం చేస్తుంది? మందను నడిపించే నాయకుడు (ట్రైల్ బాస్) గిల్ ఫేవర్ మొహంలో ఎప్పుడూ ఆ టెన్షనే. పక్కన దుడుకు కుర్రాడు రౌడీ యేట్స్‌గా క్లింట్ ఈస్ట్‌వుడ్, అప్పటికింకా స్టార్ కాదు. వంటబండి దగ్గర వంటవాడు విష్‌బోన్ సణుగుడు సరేసరి. దుమ్ములో కొమ్ములు, టోపీ నీడలో సగం మొహం: ఇవి నలుపు-తెలుపులోనే బాగుంటాయి. గన్‌స్మోక్ 1966లో రంగుల్లోకి మారింది, రాహైడ్‌కు ఆ అవసరం రాలేదు.

లోపం లేదనను. చాలా ఎపిసోడ్లలో అతిథి నటుడి కథే నడుస్తుంది, మంద వెనక్కి పోతుంది. అయినా నా ఓటు రాహైడ్‌కే. గంట కూర్చునే ఓపిక లేకపోతే గన్‌స్మోక్ పెట్టుకోండి, 1961 దాకా అన్నీ అరగంటవే.