డైరీ: నోటుపుస్తకమా, ఫోనా?

రోజూ డైరీ రాస్తానని తెలియగానే ఎవరైనా అడిగే మాట ఒకటే: "పుస్తకంలోనా, ఫోనులోనా?" ఇన్నాళ్లూ "దేనిలోనైనా ఒకటే, రాయడమే ముఖ్యం" అని దాటేస్తూ వచ్చాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, అడిగినవాళ్లకూ తెలుసు. మూడు నెలల కిందట నేనే ఫోను వదిలి పుస్తకం పట్టాను. అదీ సగమే. ఎందుకు మారానో, మిగతా సగం ఎందుకు మారలేదో చెబితే మీ ప్రశ్నకు జవాబు అందులోనే దొరకవచ్చు.

ఇక్కడ డైరీ అంటే సాహిత్యమేమీ కాదు. ఇవాళ ఏం జరిగింది, వార్తల్లో ఫలానా సంగతి మీద నాకేమనిపించింది, సరదా పనులు ఎంతవరకు వచ్చాయి, ఇంతే. నా సరదాలు రెండు: చదరంగం, కుండీల్లో మొక్కలు.

ముందు ఫోను గొప్పదనం ఒప్పుకోవాలి. వెతుకులాటలో దాని ముందు పుస్తకం నిలవదు. గులాబీకి కిందటిసారి మట్టి మార్చింది ఎప్పుడో కావాలంటే పుస్తకంలో అరగంట పేజీలు తిప్పాలి. మధ్యలో ఏదో పాత గొడవ కంటబడుతుంది, దాన్నే చదువుతూ కూర్చుంటాను, గులాబీ మరుపున పడుతుంది. ఫోనులో రెండు క్షణాల పని. అయితే తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడొక చిక్కుంది. "పుస్తకం" అని వెతికితే "పుస్తకంలో" దొరుకుతుంది గానీ "పుస్తకాన్ని", "పుస్తకాలు" దొరకవు. మన విభక్తులు మాట చివరను మార్చేస్తాయి, ఫోనేమో అక్షరానికి అక్షరం పోల్చి చూస్తుంది. చివరి సున్నా తీసేసి "పుస్తక" అని కొడితే అన్నీ బయటికొస్తాయి. ఈ కిటుకు తెలియక, ఒక ఏడాది అంతా నేను పుస్తకమే ముట్టలేదా అని కంగారుపడ్డాను. అలాగే ఒకరోజు చదరంగం అనీ ఇంకోరోజు చెస్ అనీ రాసుకుంటే రెండుసార్లు వెతుక్కోవాల్సిందే.

తారీఖు, వేళ అదే వేసుకుంటుంది. మొక్క ఫొటో మాట పక్కనే ఉంటుంది. 2023 డిసెంబరులో ఆపిల్ తన ఫోన్లలోకి జర్నల్ అనే డైరీని తెచ్చింది. తీసిన ఫొటోలు, తిరిగిన చోట్లు చూసి, ఇవాళ దీని గురించి రాయవచ్చు కదా అని అదే అందిస్తుంది. ఏం రాయాలో తోచనివాళ్లకు అది ఊతమే. నాకు మాత్రం అంతగా పనికిరాదు. రోజంతా నన్ను పీడించిన ఆలోచన ఏ ఫొటోలోనూ పడి ఉండదు.

ఇక మన్నిక. దీని మీద రెండు పక్షాలవాళ్లూ గట్టిగా వాదిస్తారు, ఇద్దరి దగ్గరా ఉన్నది సగం నిజమే. 2004 ప్రాంతంలో కంప్యూటర్లో టైపు చేసుకున్న నా పేజీలు ఇప్పుడు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, కొమ్ములు, చుక్కలు కలగాపులగంగా కనిపిస్తాయి. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ కంప్యూటర్లో ఒక్కో అంకె కేటాయించే యూనికోడ్ 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు మనలో ఎంతోమంది, ఇంగ్లిషు అక్షరాలకే తెలుగు రూపం తొడిగే ఫాంట్లతో నెట్టుకొచ్చాం. ఆ ఫాంటు పోయిందంటే తెలుగూ పోయినట్టే. నేను పోగొట్టుకున్నది సరిగ్గా అదే.

చదవలేకపోయే గతి కాగితానికీ పడుతుంది. లండన్‌లో శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ అధికారి 1660 నుంచి 1669 దాకా తన డైరీని గుర్తులతో వేగంగా రాసే షార్ట్‌హ్యాండ్‌లో రాశాడు. 1819లో జాన్ స్మిత్ అనే విద్యార్థి దాన్ని విప్పడానికి పూనుకుని మూడేళ్లు తంటాలు పడ్డాడు. ఆ షార్ట్‌హ్యాండ్ నేర్పే పుస్తకం పీప్స్ గ్రంథాలయంలోనే ఉంది, పాపం స్మిత్‌కు ఆ సంగతి తెలియదు. కాకపోతే ఆ కాగితం చదివేవాడి కోసం నూట యాభై ఏళ్లు కూర్చుంది. నా ఫైలు ఇరవై ఏళ్లు కూడా ఆగలేదు.

కాబట్టి ఫోనులో రాసేవాళ్లు మొదటి రోజే చూసుకోవాల్సింది ఒకటుంది: రాసినదంతా మామూలు టెక్స్టు ఫైలుగా బయటికి తీసుకోవచ్చా, లేదా? తీసుకోలేనిది ఎంత ముచ్చటగా ఉన్నా నేను ముట్టను. తీసుకున్నాక నకలు ఇంకోచోట దాచుకోవాలి. తాళం మాట (పాస్‌వర్డ్) మరిచిపోతే మీ డైరీ మీకే పరాయిదవుతుందని కూడా గుర్తుండాలి.

పుస్తకానికి అసలు శత్రువు నీళ్లు. మామూలు ఫౌంటెన్ పెన్ను సిరా నీళ్లలో కరిగే రంగు. గ్లాసు ఒలికిందంటే పేజీ అంతా నీలం మరక. బాల్ పెన్ను సిరా నూనె రకం కనుక అంత తేలిగ్గా చెదరదు. పెన్సిలు రాత నీళ్లకూ ఎండకూ లొంగదు గానీ రాపిడికి అలుక్కుపోతుంది. టికెట్లు, రసీదులు అంటించే అలవాటున్నవాళ్లకు ఇంకో హెచ్చరిక: వేడి తగిలితే అక్షరం తేలే రకం కాగితం కొన్నేళ్లకు వెలిసిపోతుంది. నా పాత పుస్తకంలో ఒకచోట "ఈ టికెట్ ఎప్పటికీ దాచుకోవాలి" అని రాసి ఉంది. దాని పైన అంటించి ఉన్నది ఉత్త తెల్ల చీటీ. ఏ టికెట్టో, ఎక్కడికి వెళ్లానో ఇప్పుడు నాకే తెలియదు.

గోప్యత దగ్గర ఫోనుదే పైచేయి. పుస్తకాన్ని ఇంట్లో ఎవరైనా తెరవవచ్చు. ఎవరో చదువుతారన్న భయం ఉంటే చేతిలోని పెన్ను అబద్ధాలు రాయడం మొదలుపెడుతుంది. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపి ఫోనులో రాసుకోవచ్చు.

ఇవన్నీ అందరూ చెప్పేవే. నా లెక్క తేల్చింది వేరే సంగతి. కొట్టివేత.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించింది. ఆ రాత్రి నేను ఫోనులో రాసుకున్న పేజీలో ఒక వాక్యం ఉంది: "ఇది ఇప్పట్లో తేలే వ్యవహారంలా లేదు." ఆ పేజీ అంటే నాకు లోలోపల గర్వం. ఒకరిద్దరికి చూపించాను కూడా. కిందటేడు కొత్త ఫోనుకు మారుతూ, ఆ మార్చి నెలాఖరున తీసిపెట్టుకున్న నకలు ఒకటి కంటబడితే తెరిచాను. అదే తేదీ, అదే పేజీ. మొదటి పేరా ఒక్క అక్షరం తేడా లేకుండా అదే. ఆ వాక్యం ఉండాల్సిన చోట మాత్రం ఇలా ఉంది: "అనవసరంగా భయపెడుతున్నారు. రెండు వారాల్లో అంతా సర్దుకుంటుంది."

ఎప్పుడు దిద్దానో గుర్తు లేదు. దొంగతనంగా చేసిన పని కాదని మాత్రం చెప్పగలను. ఎప్పుడో ఆ పేజీ తెరిచి ఉంటాను, ఆ మాట చూసి సిగ్గేసి ఉంటుంది, వేలు ఆనించి చెరిపి మరోటి రాసి ఉంటాను. ఫోనులో అది పది సెకన్ల పని, మచ్చ కూడా మిగలదు. తర్వాత నాలుగేళ్లపాటు ఆ దిద్దిన వాక్యాన్నే చదివి, నేను ముందే పసిగట్టానని నమ్మాను. డైరీ లేకపోయినా ఇంత తప్పుగా గుర్తుండేది కాదేమో.

దీని పక్కన ఇంకో పేజీ పెడతాను. చదరంగం రాతలు మాత్రం నేను మొదటినుంచీ నోటుపుస్తకంలోనే రాస్తాను. 2024 డిసెంబరు 12, సింగపూర్‌లో ప్రపంచ పోటీలో చైనా ఆటగాడు డింగ్ లిరెన్, మన గుకేశ్ మధ్య చివరిదైన 14వ ఆట. చెరి ఆరున్నర పాయింట్లు. ఇదీ డ్రా అయితే మర్నాడు టైబ్రేక్ అనే వేగపు ఆటలతో విజేతను తేలుస్తారు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువున్నా ఆట డ్రా వైపే నడుస్తోంది. నేను మహా తెలిసినట్టు "డ్రా. రేపు టైబ్రేక్. గుకేశ్‌కు కష్టమే" అని రాసి కింద అడ్డగీత కూడా గీశాను. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2 గడికి తెచ్చాడు. మూలన ఇరుక్కున్న తన శకటును మరిచాడు. ఏనుగులు పోయాయి, శకట్లు పోయాయి, మిగిలిన బంట్ల ఆటలో డింగ్‌కు దారి లేదు. 58 ఎత్తులకు ఆట ముగిసింది. ఏడున్నర, ఆరున్నర. గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ విజేత.

ఆ పేజీ ఇప్పుడు చూస్తే, నా మూడు వాక్యాల మీదుగా ఒక్కటే గీత, అవతలి పేజీలోకి దిగేంత గట్టిగా. కింద పెద్ద అక్షరాలతో "ఛీ! ఏనుగు ఎఫ్2!" అని ఉంది. కొట్టేసినా "గుకేశ్‌కు కష్టమే" అన్న మాట శుభ్రంగా కనిపిస్తుంది. నేను చెప్పిన జోస్యం తప్పిన క్షణం అక్కడ అలాగే ఉంది. చదివిన ప్రతిసారీ నవ్వొస్తుంది, కాస్త ఒళ్లు దగ్గరపెట్టుకోవాలనీ అనిపిస్తుంది. మహమ్మారి పేజీ చదివినప్పుడు వచ్చేది గర్వం, అదీ నాది కాని గర్వం.

వార్తల మీద అభిప్రాయాలు రాసుకునేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. మొక్క పూసిన తేదీని ఎవరూ దిద్దుకోరు. ఫలానా నాయకుడి మీద, ఫలానా తీర్పు మీద అప్పుడు ఏమన్నామో మాత్రం దిద్దుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే అభిప్రాయం మారినప్పుడు పాతదాన్ని మనం మరెవరిదో అన్నట్టు చూస్తాం.

నాజీల కంటబడకుండా దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ సంగతి ఇక్కడ గుర్తొస్తుంది. 1944 మార్చిలో, యుద్ధకాలపు డైరీలను సేకరిస్తామన్న మాట రేడియోలో విని, ఆ అమ్మాయి మే నెలలో తన డైరీని ప్రచురణకు తగ్గట్టుగా విడి కాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. తిరగరాసిందని మనకు తెలిసేది పాత ప్రతి కూడా కొంతవరకు మిగిలింది కనుకనే. గోధుమరంగు కాగితం అంటించి మూసేసిన రెండు పేజీల్లో ఏముందో 2018లో పరిశోధకులు చదివి బయటపెట్టారు. కాగితం మీద దాచినది కూడా ఎక్కడికీ పోదన్నమాట. ఆమె ఏకాంతంలోకి అంత తొంగిచూడటం న్యాయమా అన్నది వేరే ప్రశ్న, నాకైతే కాస్త ఇబ్బందిగానే ఉంది.

పాత రూపాలను దాచిపెట్టే సాధనాలు ఫోనులోనూ ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. ఏ మూలనో నొక్కితే ఎప్పుడెప్పుడు ఏం మార్చామో చూపిస్తాయి. కానీ మార్చిన గుర్తే లేనివాడు అక్కడికి వెళ్లి ఎందుకు నొక్కుతాడు? పుస్తకంలో కొట్టివేత వద్దన్నా కళ్లబడుతుంది. పాత పేజీ ముట్టకుండా కింద కొత్త తేదీ వేసి రాయాలని ఫోనులోనే ఒక నియమం పెట్టుకుని చూశాను. నాలుగు వారాలు నిలిచింది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. గొంతు రికార్డు చేసుకోవడం తేలికే, తిరిగి వినడమే కష్టం. గంట మాట్లాడితే గంటా వినాలి, కళ్లతో ఎగరేసుకుపోవడం కుదరదు. తేదీలు అచ్చువేసిన డైరీలు నాకు నచ్చవు. రాయని రోజు ఖాళీ పేజీ నిలదీస్తుంది, రాయాల్సింది ఎక్కువున్న రోజు చోటు చాలదు. కంప్యూటర్లో టెక్స్టు ఫైలంటే ఫోను కథే, కాకపోతే మంచం మీదికి రాదు.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. మొక్కల లెక్కలు, చదివిన పుస్తకాల జాబితా, ఎప్పుడు ఏది బాగు చేయించాను వంటివన్నీ ఫోనులోనే. అక్కడ నాకు కావాల్సింది నిజాయితీ కాదు, వెతికితే దొరకడం. నాకేమనిపించిందన్న ప్రతి మాటా పుస్తకంలోకి, బాల్ పెన్నుతో. చివరి నాలుగు పేజీలు ఖాళీగా వదిలి విషయసూచిక వేసుకుంటాను, నెలకోసారి పేజీలన్నీ ఫోనుతో ఫొటో తీసి దాస్తాను. తప్పయితే ఒకే గీత. అక్షరాలు కనబడకుండా గీకడం, పేజీ చించడం నిషేధం.

ఈ మూడు నెలల్లో పదకొండు కొట్టివేతలు పడ్డాయి. పన్నెండోది ఇవాళ పొద్దుటే. "ఫోనులో రాయడం పూర్తిగా మానేశాను" అని రాసి, "పూర్తిగా" కొట్టేశాను.